బొమ్మలు గీసే పిల్లలకు పై చదువులు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, ఆ పైన నా మాటలు కూడా వినడానికి కూర్చున్న మీ ఓపికకు నమస్కారం. ఈ ఊళ్లో ఇరుగు పొరుగు మరాఠీ ఇళ్ల ముందు గుడిపాడ్వా గుడులు నిలబెట్టిన రోజే మన ఉగాది కూడా కావడం మన అదృష్టం. పండుగ రెండింతలైనట్లున్నది.

కార్యదర్శిగారు నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు, "నేను మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. కాలేజీ చదువుల సంగతి నాకేమి తెలుసునండీ?" అన్నాను. "టిక్కెట్టు ఇచ్చేవాడు అన్ని ఊళ్లూ తిరిగి వచ్చాడా ఏమి? ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో చెప్పగలిగితే చాలదా?" అన్నారాయన. ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాను. కనుక నేను చిత్రకళను గురించి మాట్లాడబోవడం లేదు. ఆ కళ చదువుకునే చోటికి దారిని గురించి మాత్రమే, నాలుగేళ్లుగా మన వాడలోని పిల్లల కోసం వాకబు చేసి తెలుసుకున్నంత మేరకు, మనవి చేస్తాను.

మన షోలాపురంలో తెలుగు ఇళ్లలో బొమ్మలు గీసే పిల్లలకు కొదువ లేదు. మనం పోగూ రంగూ చూసి పెరిగిన వాళ్లం. హైస్కూలులో చదివే మన పిల్లలు చాలామంది రాష్ట్ర కళా సంచాలకుల శాఖవారు జరిపే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగు పరీక్షలకు కూర్చుంటారు. మంచి గ్రేడు వస్తే పదో తరగతిలో అదనపు మార్కులు కలుస్తవని తలిదండ్రులు కూడా ప్రోత్సహిస్తారు. బాగానే ఉన్నది. కాని ఆ మార్కులు కలిసిన మరునాడు ఏమి జరుగుతున్నది? రంగుల డబ్బా అటక ఎక్కుతున్నది. "బొమ్మలతో పని అయిపోయింది, ఇక చదువుకో" అంటున్నాము. ఆ పిల్లవాడికి అసలు చదువు అదే కావచ్చునేమో అన్న ఆలోచన మనకు రావడం లేదు. బొమ్మలకు కాలేజీ ఉన్నదని, అందులో నాలుగేళ్ల పట్టా చదువు ఉన్నదని చాలా ఇళ్లలో తెలియదు. తెలిసిన ఇళ్లలో భయం.

ఆ భయం ఎటువంటిదో చెబుతాను. మా పక్క వీధిలో పవర్‌లూము మీద పని చేసే ఒక సోదరుడున్నాడు. ఇంటి ఇల్లాలు బీడీలు చుడుతుంది. వాళ్ల అమ్మాయికి ఇంటర్మీడియట్ డ్రాయింగులో 'ఏ' గ్రేడు వచ్చింది. పన్నెండో తరగతి తరువాత చిత్రకళ చదువుతానని పట్టుబట్టింది. ఆయన నా దగ్గరకు వచ్చి, "అన్నా, బొమ్మలు గీస్తే కడుపు నిండుతదా? ఆడపిల్ల, రేపు పెండ్లి కావాలె. నువ్వన్న జర చెప్పు" అన్నాడు. నేను ఆయనను ఒకటే అడిగాను: "నీ మగ్గం మీద దిగే చద్దరుకు ఆ పువ్వు ఎవరు గీశారు?" "డిజైన్ మాస్టరు గీసిండు" అన్నాడు. "ఆయన సంపాదన ఎక్కువా, నీదా?" అన్నాను. ఆయన నవ్వి, "ఆయనదే లే అన్నా" అన్నాడు. ఆ మాటతో ఆయన ఒప్పుకున్నాడని కాదు. ఒప్పుకోవడానికి ఇంకా ఆరు నెలలు పట్టింది. కాని ప్రశ్న మారింది. 'కడుపు నిండుతుందా' అన్నది పోయి, 'ఏది చదివితే నిండుతుంది, ఎక్కడ చదవాలి, ఎంత అవుతుంది' అన్న ప్రశ్నలు వచ్చినవి. ఇవి జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు.

జకార్డు మగ్గం మన ఇంటి వస్తువు కనుక ఆ ఉదాహరణ చెప్పాను. గళ్ల కాగితం మీద నమూనా గీయడం, ఒక్కొక్క గడిలో పడుగు పైకి రావాలా పేక పైకి రావాలా నిర్ణయించడం, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టడం మనలో పెద్దలు ఎరుగుదురు. ఇప్పుడు ఆ గళ్ల కాగితం కంప్యూటరులోకి ఎక్కింది. యంత్రం మారినా, పువ్వు ఎంత పెద్దదిగా ఉండాలి, రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది అని చెప్పగల కన్ను కావలసిందే. ఆ కన్నుకు శిక్షణ ఇచ్చేదే ఈ చదువు.

ఇది మన తెలుగువారికి కొత్త దారి కాదని కూడా చెప్పవలసి ఉన్నది. ముంబైలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో, జంషెట్‌జీ జీజీభాయి అనే పారశీక వర్తకుడు ఇచ్చిన లక్ష రూపాయల విరాళంతో ఏర్పడింది. మా రైల్వేవారికి ఆ పాఠశాలతో పాత చుట్టరికమే ఉన్నది. 1878లో కట్టడం మొదలుపెట్టి సుమారు పదేళ్లలో పూర్తిచేసిన విక్టోరియా టెర్మినస్, అంటే నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, గోడల మీద మీరు చూసే రాతి ఆకులు, పక్షులు, జంతువుల చెక్కడాలలో ఎన్నో ఆ పాఠశాల విద్యార్థుల చేతి పని. రోజూ లక్షల మంది వాటి కింద నుంచి నడిచిపోతారు; తలయెత్తి చూసేవారు కొందరు. 2004లో ఆ కట్టడానికి ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది. ఆ పాఠశాల ఆచార్యుడు గ్రిఫిత్స్, 1872 నుంచి పదేళ్లకు పైగా తన విద్యార్థులను వెంట తీసుకొని, మన మహారాష్ట్రలోని అజంతా గుహల చిత్రాలకు నకళ్లు రాయించాడు.

ఆ పాఠశాలకు 1916లో రాజమహేంద్రవరం నుంచి ఒక తెలుగు యువకుడు వచ్చాడు. ఆయనే దామెర్ల రామారావుగారు. 1897లో పుట్టిన ఆ బాలునిలోని ప్రతిభను రాజమహేంద్రవరం ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయికి పంపించాడు. అదే దొర దగ్గర అడివి బాపిరాజుగారు కూడా చిత్రకళ అభ్యసించారు. రామారావుగారు చదువు ముగించి స్వస్థలానికి తిరిగి వెళ్లి, చిత్రకళాశాల పెట్టి, తోటివారికి నేర్పారు. ఆయన భార్య, చెల్లెలు కూడా కుంచె పట్టారు. 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశారు. అయినా ఆయన పేరిట రాజమహేంద్రవరంలో చిత్రశాల నేటికీ ఉన్నది. గోదావరి వైపు పోయినప్పుడు పిల్లలకు తప్పక చూపించండి. ఒక్క ఉపాధ్యాయుడు ఒక్క పిల్లవాడిని గుర్తించి దారి చూపినందుకు ఒక జాతికి ఎంత దక్కిందో అక్కడ తెలుస్తుంది.

మనలో చాలామంది తాతముత్తాతలు కరీంనగరం, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవారు కదా. ఆ కరీంనగరం జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డిగారు కూడా జె.జె.లోనే చదివి పెద్ద చిత్రకారులైనారు. అదే జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠంగారు, మెదకు జిల్లా నిజాంపూరుకు చెందిన లక్ష్మాగౌడుగారు హైదరాబాదులో చదివి, పై చదువుకు బరోడా వెళ్లారు. వైకుంఠంగారు బొట్టు పెట్టుకొని, రంగుల చీర కట్టుకొన్న తెలంగాణ స్త్రీలను గీసి దేశమంతటా పేరు పొందారు. ఆ స్త్రీలు మన అవ్వలు, మన మేనత్తలు. లక్ష్మాగౌడుగారు దూరదర్శన్‌లో ఉద్యోగం చేశారు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేశారు, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. వీరు పెద్ద పట్టణాలలో, కలవారి మేడలలో పుట్టినవారు కారు. పల్లెటూళ్ల నుంచి వచ్చినవారు.

ఇక దారి సంగతి. పన్నెండో తరగతి అయిన తరువాత నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. పట్టా చదువు. సైన్సు, కామర్సు, ఆర్ట్సు ఏ శాఖవారైనా రావచ్చును. ఆ పైన కావాలంటే రెండేళ్ల ఎం.ఎఫ్.ఏ. మన రాష్ట్రంలో ప్రభుత్వ కళాశాలలు ముంబైలోను, నాగపురంలోను, పాత ఔరంగాబాదు అయిన ఛత్రపతి సంభాజీనగరంలోను ఉన్నవి. పుణే మొదలైన చోట్ల ప్రైవేటు కళాశాలలు ఉన్నవి. జె.జె. సంస్థకు 2023లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది కనుక, అక్కడి ప్రవేశ ప్రకటనను వేరుగా చూసుకోవలెను. రాష్ట్రం దాటి పోదలచినవారికి బరోడాలో 1950లో ఏర్పడిన లలితకళల విభాగం, శాంతినికేతనంలో 1919లో ఏర్పడిన కళాభవనం, చెన్నైలో 1850 నాటి పాత కళాశాల ఉన్నవి. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఉన్నది. అయితే ప్రతి రాష్ట్రంలోను సీట్లలో ఎక్కువ భాగం స్థానికులకే కేటాయిస్తారు. భాష తెలుగైనా మన పిల్లలు అక్కడ పరాయి రాష్ట్రం వారే. ఇక్కడ పుట్టి ఇక్కడ చదివిన పిల్లలకు ఇక్కడే హక్కు ఎక్కువ. ఇది మనసుకు కొంచెం కష్టంగా ఉన్నా, లెక్క వేసుకోవలసిన విషయం.

కళాశాలలో అందరికీ ఒకటే చదువు కాదు. చిత్రలేఖనం ఉన్నది, శిల్పం ఉన్నది. మట్టిపాత్రల పని, లోహపు పని, ఇంటి లోపలి అలంకరణ ఉన్నవి. అనువర్తిత కళ అని మరొకటి ఉన్నది. ప్రకటనలు, పుస్తకాల అట్టలు, పెట్టెల మీది బొమ్మలు, అక్షరాల రూపాలు దాని కిందికి వస్తవి. జె.జె.లో వస్త్ర నమూనాల విభాగం కూడా ఉన్నది. నేత కులంలో పుట్టిన పిల్లలు ఆ పేరు విని కూడా ఎరుగకపోవడం నాకు విచారంగా తోస్తుంది. పడుగు పేకల తేడా పుస్తకంలో చదివి తెలుసుకునేవారి పక్కన, ఉయ్యాలలోనే మగ్గం చప్పుడు విన్న పిల్లలు కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ప్రవేశ పరీక్షకు భయపడవద్దు, కాని సిద్ధం కావాలి. మన రాష్ట్రపు పరీక్షలో వస్తు చిత్రణ, రంగుల నమూనా, జ్ఞాపక చిత్రణ ఉంటవి. కళకు సంబంధించిన సామాన్య జ్ఞానం మీద ప్రశ్నలు కూడా ఉంటవి. వస్తు చిత్రణ అంటే ఎదురుగా ఒక బకెట్టు, ఒక కూజా, ఒక గుడ్డ పెట్టి, వెలుగు నీడలతో గీయమంటారు. జ్ఞాపక చిత్రణ అంటే సంతలోనో, బస్సు స్టాండులోనో మనుషులున్న దృశ్యాన్ని ఎదుట లేకుండా గీయడం. మన పిల్లలు ఇక్కడే తడబడుతున్నారు. సినిమా తారల ఫొటోలు చూసి అచ్చు గుద్దినట్లు దింపగలరు. ఎదుట ఉన్న చెంబును మాత్రం నిలబెట్టలేరు. నకలు చేస్తే చెయ్యి సాగుతుంది, కన్ను సాగదు. పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: రోజుకు ఒక్క బొమ్మ, ఎదుట ఉన్నదానిని చూసి గీయండి. బీడీలు చుట్టే అమ్మ చేతులు గీయండి. మగ్గం దగ్గర నిలబడిన నాన్న వీపు గీయండి. మా స్టేషనుకు రండి. మూటల మీద తల పెట్టి నిద్రపోయే ప్రయాణికులు అక్కడ ఎప్పుడూ ఉంటారు; వారంత ఓపికగా కదలకుండా ఉండేవారు మీకు మరెక్కడా దొరకరు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు మాత్రం కొనండి!

గీసినవాటిని పారవేయవద్దు. తేదీ వేసి ఒక అట్టల మధ్య దాచండి. కొన్ని కళాశాలలవారు పిల్లలు చేసిన పని చూపించమంటారు. వంకర గీతలు కూడా ఉండనివ్వండి. ఏడాదిలో చెయ్యి ఎంత మారిందో వాటి వల్లనే తెలుస్తుంది.

తలిదండ్రులకు చెప్పవలసినది కాగితాల సంగతి. ఇది నా వృత్తి కనుక కొంచెం గట్టిగానే చెబుతాను. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం పదకొండో తరగతిలోనే తీసి పెట్టుకోండి. నేను చెప్పిన ఆ అమ్మాయి మొదటిసారి పరీక్షలో తప్పలేదు. దరఖాస్తు ఆలస్యంగా పెట్టినందువల్ల ఒక ధ్రువపత్రం గడువు దాటిన తరువాత చేతికి వచ్చింది. ఆ ఏడాది పోయింది. ఒక ఏడాది మనకు ఎంతో కాదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్న ఆడపిల్లకు ఒక ఏడాది అంటే చాలా. ఆ ఏడాది ఆమె అమ్మతోపాటు బీడీలు చుట్టింది, రాత్రిపూట గీసింది. రెండోసారి సీటు వచ్చింది. జె.జె.లో కాదు, వేరొక ఊరి కళాశాలలో. ఆమె కోరింది వస్త్ర విభాగం. దొరికింది అనువర్తిత కళ. ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నది. ఆమె ఏమవుతుందో నేను చెప్పలేను, చదువు ఇంకా సగమే అయింది. కాని మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఆమె గీసిన కాగితాలను మా ఇంటికి తెచ్చి, ఒక్కొక్కటీ తానే తిప్పి చూపించాడు.

ఖర్చు విషయం దాచకూడదు. ప్రభుత్వ కళాశాలలో ఫీజు ప్రైవేటు కంటె తక్కువ. కాని రంగులు, కాగితాలు, బోర్డులు ఏడాది పొడుగునా కొనవలసి ఉంటుంది. అర్హులకు ప్రభుత్వ విద్యార్థి వేతనాలు ఉన్నవి. దరఖాస్తు పెట్టకుండా మాత్రం ఏదీ రాదు. సెలవులకు ఇంటికి వచ్చిపోయే విద్యార్థులకు రైలు ఛార్జీలో రాయితీ ఉన్నది. కళాశాలవారి ధ్రువపత్రం తెచ్చుకోవలెను. ముంబై అంటే దూరం అనుకోకండి. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి ముంబై. జె.జె. పాఠశాల స్టేషను నుంచి నడిచి పోయేంత దూరమే.

చదివిన తరువాత ఏమిటి? పాఠశాలల్లో డ్రాయింగు ఉపాధ్యాయులు కావచ్చును. దానికి వేరే డిప్లొమా శిక్షణ ఉన్నది. ప్రకటనల కంపెనీలు, పత్రికలు, సినిమా, వస్త్ర పరిశ్రమ, కంప్యూటరు బొమ్మల కదలికలు, ఇవన్నీ బొమ్మలు గీసేవారితో నడిచేవే. వైకుంఠంగారే 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం వహించి జాతీయ బహుమతి పొందారు. కోటి విద్యలు కూటి కొరకే అని మన పెద్దలు అన్నారు. ఆ కోటిలో ఇదీ ఒకటి. అయితే పట్టా చేతికి రాగానే ఉద్యోగం ఇంటికి నడిచి వస్తుందని నేను చెప్పను. కేవలం చిత్రాలు అమ్ముకొని బతకడం కష్టం. మొదటి కొన్నేళ్లు ఏదో ఒక ఉద్యోగం పక్కన పెట్టుకొని గీసుకున్నవారే ఎక్కువ. ఇది పిల్లలు ముందే తెలుసుకోవాలి.

చిత్రకళలో పట్టా లేకుండా చిత్రకారులు కాలేదా అని ఎవరైనా అడగవచ్చును. అయినారు. మన బాపుగారు మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. మన షోలాపురం జిల్లా పండరిపురంలో పుట్టిన హుసేను బొంబాయిలో సినిమా బోర్డులు రాసి బతికాడు. అంతటి పట్టుదల ఉన్నవారిని ఎవరూ ఆపలేరు. కాని మన పిల్లలందరూ అంతటివారు కానక్కరలేదు. మంచి పనివారు అయితే చాలు. మంచి పనివాడు కావడానికి గురువు, తోటివారు, నాలుగేళ్ల వ్యవధి కావాలి. కళాశాల ఇచ్చేది అదే.

చివరగా మన సంఘానికి రెండు మనవులు. ఒకటి, ఆదివారాలు ఈ హాలు ఉదయం పూట ఖాళీగానే ఉంటున్నది. రెండు గంటలు పిల్లలు వచ్చి, ఒక కూజానో కుర్చీనో మధ్యలో పెట్టుకొని గీసుకోవడానికి తాళం ఇప్పించండి. కూజా నేను తెస్తాను. రెండు, ఏ కళాశాల దరఖాస్తు ఎప్పుడు మొదలవుతుందో, గడువు ఎప్పుడో, ఏ కాగితాలు కావాలో రాసి ఉంచే ఒక పుస్తకం గ్రంథాలయంలో పెట్టండి. రాసే పని నాకు ఇవ్వండి. గుమాస్తా పని నాకు అలవాటే. ఏడాదికి ఒక్క పిల్లకైనా, పిల్లవాడికైనా మొదటి ఏటి రంగులు, కాగితాలు సంఘం కొనిపెట్టగలిగితే మరీ మంచిది. పండుగ ఖర్చులో అది పెద్ద బరువు కాదు.

తలిదండ్రులారా! మీ పిల్ల గోడ మీద గీసినప్పుడు కోప్పడండి, తప్పు లేదు, సున్నం ఖరీదైనది. కాని కోప్పడిన తరువాత ఒక కాగితం చేతికి ఇవ్వండి. పదో తరగతి అయ్యాక ఆ కాగితం లాగుకునే ముందు ఒకసారి నా దగ్గరకో, బడిలో డ్రాయింగు మాస్టరు దగ్గరకో వచ్చి అడగండి. అడిగిన తరువాత వద్దనుకున్నా అది మీ ఇష్టం. తెలియక వద్దనడం మాత్రం మన ఇళ్లలో ఇక ఉండకూడదు.

ఈ కొత్త సంవత్సరం మీ అందరి ఇళ్లలోను ఆయురారోగ్యాలు, చేతినిండా పని కలిగించుగాక.